ముందు ఐసు, తర్వాత క్రీం

(హనుమకొండలో ఒక వేసవి సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఈ ఎండలో ఇంత దూరం వచ్చినందుకు ముందుగా కృతజ్ఞతలు. పిల్లలు కూడా చాలామంది వచ్చారు, సంతోషం. సభ అయ్యాక ఐస్‌క్రీం కప్పులు పంచుతామని నిర్వాహకులు మాట ఇచ్చారు, చివరిదాకా ఉండండి.

నేను ముప్ఫై రెండేళ్లు డిగ్రీ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాను. చరిత్ర నా శాఖ కాదు. కానీ మా నాన్న వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో కార్మికుడు, మా మేనమామ సైకిల్ మీద ఐసు అమ్మినవాడు. మిల్లు గేటు ముందు ఐసు డబ్బా పక్కన నిలబడి పెరిగాను. కాకతీయుల మీద మన ఊళ్లో ఎన్నో సభలు జరుగుతాయి, జరగాలి కూడా. ఐసు మోసినవాళ్ల గురించి నేను విన్న సభ ఒక్కటీ లేదు. వాళ్లలో చాలామంది వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు డెబ్బై దాటారు. ఇప్పుడు చెప్పుకోకపోతే ఇక చెప్పేవాళ్లు మిగలరన్న ఆదుర్దాతో మీ ముందుకు వచ్చాను.

వరంగల్‌కు ఐస్‌క్రీం ఒక్కసారిగా రాలేదు. ముందు ఐసు వచ్చింది, క్రీం చాలా ఏళ్ల తర్వాత వచ్చింది. మన మాటలోనే దానికి సాక్ష్యం ఉంది. పుల్లకు గడ్డకట్టిన రంగు నీళ్లను కూడా మన పల్లెల్లో 'ఐస్‌క్రీం' అనే పిలుస్తారు. అందులో పాల చుక్క ఉండదు, మీగడ జాడ ఉండదు. పేరు ముందే వచ్చి కూర్చుంది, సరుకు తీరిగ్గా వచ్చింది. ఆ రెండింటి మధ్య గడిచిన కాలం గురించే నేను ఎక్కువగా మాట్లాడబోతున్నాను.

ఐసు లేని రోజుల్లో ఓరుగల్లు వాళ్లు వేసవిని ఎలా దాటారు? కుండ నీళ్లు, చెరువు గట్టు గాలి, తాటి ముంజలు, మజ్జిగ. కలిగినవాళ్లకైతే గంధం, కర్పూరం, పన్నీరు. గణపతిదేవుడు 13వ శతాబ్దంలో సముద్ర వ్యాపారులకు అభయమిస్తూ వేయించిన మోటుపల్లి శాసనం చూడండి. సుంకం కట్టవలసిన సరుకుల్లో ఈ మూడూ ఉన్నాయి. ఒంటికి చలువ చేసే సరుకు ఓడల్లో వచ్చేది, నోటికి చల్లగా తగిలే సరుకు మాత్రం రాలేదు. ఉత్తరాదిలో అక్బరు ఆస్థానంలో సురేకారం అనే లవణం కరిగించిన నీళ్లలో కూజాను తిప్పి తాగునీరు చల్లబరిచేవారని అబుల్ ఫజల్ రాశాడు. సురేకారం నీళ్లలో కరిగేటప్పుడు చుట్టుపక్కల వేడిని లాక్కుంటుంది, అందుకే కూజా చల్లబడుతుంది. ఈ కిటుకును గుర్తుపెట్టుకోండి, ఉప్పు రూపంలో మళ్లీ మన దగ్గరికి వస్తుంది.

మంచుగడ్డ ఓడలో మన దేశానికి వచ్చింది 1833లో. అమెరికాలోని బోస్టన్ దగ్గర చలికాలంలో గడ్డకట్టిన చెరువులను రంపాలతో కోసి, రంపపు పొట్టులో పొదిగి, ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి ఓడకెత్తించాడు. నాలుగు నెలల ప్రయాణం. బయలుదేరినప్పుడు 180 టన్నులు ఉన్న సరుకు కలకత్తా చేరేసరికి దాదాపు 100 టన్నులు మిగిలింది. తర్వాత మద్రాసు సముద్రపు ఒడ్డున 1842లో ఆ ఐసు దాచడానికి గుండ్రటి భవనం కట్టారు. 1897లో వివేకానందుడు అక్కడ బస చేశాడు, ఇప్పుడా భవనం ఆయన పేరుతోనే ఉంది. చెన్నై వెళ్లినప్పుడు చూడండి. అయితే మద్రాసు దాకా వచ్చిన గడ్డ ఎద్దుబండి మీద ఓరుగల్లు చేరాలంటే దారిలోనే నీరైపోతుంది. నిజాం రైలు మార్గం 1889లో బెజవాడ దాకా సాగి మనల్ని కోస్తాతో కలిపే నాటికి, ఐసు తయారు చేసే యంత్రాలు వచ్చి బోస్టన్ వ్యాపారాన్నే ముంచేశాయి. అంటే మనకు చెరువు మంచు రుచి తెలియదు. మన నోటికి తగిలిన మొదటి చల్లదనమే యంత్రంలో పుట్టింది.

యంత్రం నడవాలంటే బొగ్గో కరెంటో కావాలి. బొగ్గుకు మనకు కొదవ లేదు, పక్కనే సింగరేణి ఉంది. ఐసు ఫ్యాక్టరీకి బస్తాల కొద్దీ ఉప్పు కూడా కావాలి, అది మన నేలలో పుట్టదు. ఒకప్పుడు లంబాడీల ఎద్దుల వీపుల మీద తీరం నుంచి వచ్చేది, రైలు పడ్డాక వ్యాగన్లలో వచ్చింది. 1929లో కాజీపేట నుంచి బల్హార్షా మార్గం పూర్తయి ఢిల్లీ, మద్రాసు కలిశాక మన జంక్షన్ దశ తిరిగింది. మరో ఐదేళ్లకు, 1934లో, ఆజంజాహి మిల్లు వచ్చింది.

ఇక్కడ నాకు ఇష్టమైన ముచ్చట ఒకటి ఉంది. ఏడో నిజాం పెద్ద కొడుకు ఆజం జా, రెండో కొడుకు మొజం జా. అన్న పేరు మన మిల్లుకు పెట్టారు. తమ్ముడి పేరు ఆ మరుసటి ఏడాది, 1935లో, హైదరాబాద్‌లో కట్టిన మార్కెట్‌కు పెట్టారు. అన్న పేరున్న చోట మా నాన్నలాంటివాళ్లు నూలు వడికారు. తమ్ముడి పేరున్న చోట చేతితో తిప్పే ఐస్‌క్రీం దుకాణాలు వెలిశాయి. ఇవాళ్టికీ ఆ రాతి మార్కెట్ ముందు కుర్చీలు వేసుకుని జనం సీతాఫలం ఐస్‌క్రీం తింటుంటారు. నేను మొదటిసారి అక్కడ తిన్నప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. రాజధాని క్రీం తింటున్నన్ని రోజులూ మేము నీళ్ల ఐసు చప్పరించామన్న సంగతి ఆ రోజే తెలిసింది. బాధపడలేదు. మా ఐసు వెనక ఎంత పని ఉందో నాకు తెలుసు. ఆ పనే ఇప్పుడు మీకు చూపిస్తాను.

మా మామ పనిచేసిన ఐసు ఫ్యాక్టరీ వరంగల్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉండేది. నేను చెబుతున్నది 1970 ప్రాంతం మాట. లోపలికి అడుగుపెడితే కాళ్ల కింద చెక్క పలకలు. వాటి మీద నడుస్తుంటే అరికాళ్లకు చలి తగిలేది. ఆ పలకల కిందే పెద్ద ఉప్పునీటి తొట్టి. పలక ఎత్తితే రేకు డబ్బాలు నిలువుగా, మెడ దాకా మునిగి కనిపించేవి. డబ్బాల్లో మంచినీళ్లు, బయట ఉప్పునీళ్లు. తొట్టిలో పారే గొట్టాల్లో అమ్మోనియా. అమ్మోనియా ఆవిరవుతూ ఉప్పునీటి వేడిని లాక్కుంటుంది. మంచినీళ్లు సున్నా డిగ్రీల దగ్గరే గడ్డకడతాయి, ఉప్పునీళ్లు సున్నాకు చాలా కిందికి పోయినా పారుతూనే ఉంటాయి. అందువల్ల డబ్బాలోని నీళ్లు గడ్డకడతాయి, తొట్టిలోని నీళ్లు కట్టవు. ఫ్యాక్టరీ మొత్తం ఈ ఒక్క తేడా మీద నడిచింది. నేను ఏళ్ల తరబడి తరగతిలో నల్లబల్ల మీద రాసిన పాఠం మా మామకు బడికి పోకుండానే తెలుసు. "ఉప్పు తాగిన నీళ్లు మొండివి బిడ్డా, అంత తొందరగా లొంగవు" అనేవాడు.

పెద్ద దిమ్మె గడ్డకట్టడానికి ఒక పగలూ రాత్రీ పట్టేది. కప్పీ మీద డబ్బాను పైకి లాగి, ఒక్క క్షణం మామూలు నీళ్లలో ముంచితే అంచులు కరిగి దిమ్మె జారేది. అది జారేటప్పుడు సిమెంటు నేల మీద వచ్చే గరగర శబ్దం నా చెవుల్లో ఇంకా ఉంది. దిమ్మెను వెలుతురులో చూస్తే అంచులు అద్దంలా, నడుమ తెల్లగా ఉండేది. నీళ్లు బయటి నుంచి లోపలికి గడ్డకడుతూ తమలో ఉన్న గాలినీ లవణాలనీ లోపలికి నెట్టేస్తాయి. చివరికి అవన్నీ నడిమధ్యలో ఇరుక్కుంటాయి. మామ ఆ తెల్లటి నడుమును ఎవరికీ పెట్టేవాడు కాదు. గీకి పారేసి, అద్దంలా ఉన్న ముక్కే మా చేతికి ఇచ్చేవాడు.

దిమ్మెల పక్కనే చిన్న తొట్టిలో పుల్ల ఐసు. రేకు అచ్చుల్లో చక్కెర నీళ్లు, రంగు, వాసన కోసం రెండు చుక్కల ఎసెన్సు పోసి, వెదురు పుల్లలు నిలబెట్టిన పలకను పైన బిగించి ఉప్పునీటిలో దించేవారు. అరగంటకు అటూ ఇటూగా గట్టిపడేది. ఎర్రది, నారింజ రంగుది ఐదు పైసలు. పాల ఐసు పది పైసలు. సేమ్యా ఐసుకు చారానా. సేమ్యా ఐసు తిన్నవాళ్లు ఈ సభలో ఎంతమంది ఉన్నారు? చేతులు ఎత్తండి. సంతోషం. మీలో ఎవరైనా గమనించారా, సేమ్యా అంతా కొసలోనే ఉంటుంది, పుల్ల దగ్గరికి వచ్చేసరికి వట్టి పాలనీళ్లే. అచ్చును తలకిందులుగా ఊహించుకోండి. ఉడికిన సేమ్యా బరువుకు అచ్చు అడుగుకు దిగుతుంది. అచ్చు అడుగే మన చేతిలో ఐసు కొస అవుతుంది. మొదటి కొరుకులోనే రుచి అంతా అందిపోయేది. అది అమ్మేవాడి తెలివని మేము అనుకునేవాళ్లం. పూర్తిగా భూమ్యాకర్షణ మహిమే.

మరొకటి. ఎర్ర ఐసును కొరక్కుండా గట్టిగా పీలిస్తే రంగంతా నోట్లోకి వచ్చేసి, పుల్లకు తెల్లటి గడ్డ మిగిలేది. నాలుక ఎంత ఎర్రగా ఉందో పోటీ పెట్టుకునేవాళ్లం. గడ్డకట్టేటప్పుడు నీరు స్వచ్ఛమైన పలుకులుగా మారి చక్కెరనూ రంగునూ తన సందుల్లోకి నెట్టేస్తుంది. ఆ తీపి పాకం సందుల్లో గడ్డకట్టకుండానే ఉంటుంది, పీలిస్తే వచ్చేస్తుంది. పుల్ల చివర మిగిలిన ఆ తెల్ల గడ్డను మేము 'బక్క ఐసు' అని పారేసేవాళ్లం. దిమ్మె నడుమున తెల్లటి గీతకూ దీనికీ సూత్రం ఒకటే.

తెల్లవారకముందే సైకిళ్లు ఫ్యాక్టరీ ముందు వరుస కట్టేవి. వెనక క్యారియర్ మీద చెక్క డబ్బా, లోపల రేకు తొడుగు, అడుగున ఐసు ముక్కలు, ఉప్పు. పైన పుల్లలు పేర్చి, గోనె సంచి కప్పేవారు. మామ మాత్రం గోనె మీద ఒక పాత గొంగడి కూడా కప్పేవాడు. గొంగడి చలికి కప్పుకునేది కదా, ఐసుకు కప్పితే వెచ్చబడి కరిగిపోదా అని అడిగాను. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఆయన నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని గొంగడి పైన పెట్టాడు, ఎండకు కాలుతోంది. తర్వాత గొంగడి కిందికి పోనిచ్చాడు, చల్లగా ఉంది. "గొంగడికి వేడీ తెలియదు, చలీ తెలియదు. అడ్డం నిలబడడం ఒక్కటే తెలుసు" అన్నాడు. తర్వాత ఎన్ని పాఠ్యపుస్తకాలు చదివానో! ఉష్ణ నిరోధకం అంటే ఏమిటో అంతకంటే బాగా చెప్పిన వాక్యం నాకు కనబడలేదు. కురుమలు నేసిన గొర్రె ఉన్ని గొంగడి పోగుల మధ్య గాలి చిక్కుకుని ఉంటుంది. ఆ గాలే అడ్డం నిలబడుతుంది.

ఐసు దిమ్మె ఎందుకు అంతసేపు నిలుస్తుందో కూడా చెప్పాలి. ఒక కిలో ఐసు కరగడానికి తీసుకునే వేడితో, కిలో నీళ్లను సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. అంత ఆకలి దానిది. అందుకే 44, 45 డిగ్రీల ఎండలో వరంగల్ నుంచి బయలుదేరిన సైకిల్ పర్వతగిరి దాకా పోయినా డబ్బాలో ఇంకా పుల్లలు మిగిలి ఉండేవి.

మిల్లు సైరన్ మోగే వేళకు మామ గేటు దగ్గర ఉండేవాడు. దూది పొట్టు తల నిండా అంటుకుని బయటికి వచ్చిన కార్మికులు ముందు ఐసు ముక్క తీసుకుని మెడ మీద రుద్దుకునేవారు, తర్వాతే పిల్లల కోసం పుల్లలు కొనేవారు. పల్లెలకు వెళ్తే లెక్క వేరు. అక్కడ పైసలు తక్కువ. దోసెడు వడ్లు, మక్కలు, పాత ఇనుప ముక్క, ఖాళీ సీసా, ఏదిస్తే అది తీసుకునేవారు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి డబ్బాలో ఐసు ఉండాల్సిన చోట వడ్లు ఉండేవి, అడుగున కాస్త తడిసి. మా అత్తయ్య వాటిని వాకిట్లో చాప మీద ఆరబోసేది. తడిసిన వడ్లను ముందు దంచి అన్నం వండేది. ఆ అన్నంలో ఎసెన్సు వాసన వచ్చేదని మా బావ ఇప్పటికీ అంటాడు.

జాతరలు వస్తే ఐసు వాళ్లకు కళ్లు తెరవడానికి కూడా తీరిక ఉండేది కాదు. ఐనవోలు మల్లన్న జాతర సంక్రాంతికి వస్తుంది, చలి ఇంకా ఉంటుంది, అయినా పిల్లలు ఆగరు. మేడారం రెండేళ్లకోసారి మాఘ పున్నమికి. అడవిలో ఐసు ఎక్కడ దొరుకుతుంది? వరి ఊకలో పాతిపెట్టిన దిమ్మెలు లారీల్లో పోయేవి. జంపన్నవాగు ఒడ్డున గోలా బండి చుట్టూ జనం. గోలా బండి మీద వడ్రంగి రందాను బోర్లా తిప్పి బిగించినట్టు ఒక పలక ఉంటుంది. దాని మీద గడ్డను రుద్దితే కింద మంచు పొడి రాలుతుంది. దాన్ని గుప్పిట్లో పుల్ల చుట్టూ నొక్కి, సీసాల్లోంచి రంగురంగుల పాకం చల్లి ఇస్తారు. నాకు కాలాఖట్టా అంటే ప్రాణం.

ఇప్పుడు క్రీం దగ్గరికి వద్దాం. పాలు గడ్డకట్టించి తినడం మనకు మొదట కుల్ఫీగా తెలుసు. రాత్రి పూట ఎర్ర గుడ్డ చుట్టిన కుండ, లోపల ఐసు, ఉప్పు, వాటి మధ్య మూతకు పిండి ముద్ద అద్దిన గొట్టాలు. గొట్టాన్ని అరచేతుల మధ్య రుద్ది, కుల్ఫీని ఆకు మీదకు జార్చి, కత్తితో బిళ్లలుగా కోసి ఇచ్చేవారు. కుల్ఫీలో పాలు బాగా మరిగి చిక్కబడతాయి, గాలి కలవదు. అందుకే నోట్లో నిదానంగా కరుగుతుంది. ఇప్పుడు మన వీధుల్లో రంగు బల్బులు పెట్టుకుని తిరిగే ఐస్‌క్రీం బండ్లు చాలావరకు రాజస్థాన్‌లోని మేవాడ్ ప్రాంతం వాళ్లవి. చలి తగ్గగానే వస్తారు, వానలు ముదరగానే వెళ్తారు. వాళ్లు తెలుగు ఎంత బాగా నేర్చుకున్నారో ఒకసారి ఆగి మాట్లాడి చూడండి.

అసలైన ఐస్‌క్రీంను నేను మొదట చూసింది హనుమకొండలో ఒక వకీలు గారింటి పెళ్లిలో. పెరట్లో చెక్క బకెట్టు, దాని నడుమ రేకు డబ్బా, పైన తిప్పే పిడి. అమెరికాలో నాన్సీ జాన్సన్ అనే మహిళ 1843లో పేటెంటు పొందిన యంత్రానికి వారసురాలది. గోనె సంచిలో ఐసు వేసి రోకలితో దంచారు. మూడు దోసిళ్ల ఐసుకు ఒక దోసిలి గళ్లుప్పు చొప్పున డబ్బా చుట్టూ కూరారు. ఉప్పు తగిలిన ఐసు కరగక తప్పదు, కరగడానికి వేడి కావాలి, ఆ వేడిని డబ్బాలోని పాల నుంచే లాక్కుంటుంది. ఉప్పూ ఐసూ సరిగ్గా కలిస్తే చలి సున్నాకు కింద 21 డిగ్రీల దాకా దిగగలదు. అక్బరు కూజా దగ్గర చెప్పిన కిటుకు ఇదే.

డబ్బాలో బాగా మరగకాచిన గేదె పాలు, చక్కెర, యాలకులు, మామిడి రసం. తిప్పుతూ ఉండాలి. ఆపితే అంచుల దగ్గర పెద్ద పలుకులు కడతాయి. తిప్పితే అవి విరిగి చిన్నవవుతాయి, గాలి కూడా లోపలికి చేరుతుంది. నునుపంతా ఆ తిప్పడంలోనే. మొదట చిన్నపిల్లలు తిప్పారు, తర్వాత పెళ్లికొడుకు తమ్ముళ్లు. చివరికి పిడి బిగుసుకుపోయి కదలకపోతే వంటవాళ్లలో బలంగా ఉన్న ఒకాయన బకెట్టు మీద గోనె పరిచి, దాని మీద నన్ను కూర్చోబెట్టి తిప్పాడు. బకెట్టు కదలకుండా ఉండడానికి నా బరువు కావలసి వచ్చింది. ఆ కూలికి నాకు లోపలి రెక్కకు అంటుకున్న క్రీం దక్కింది. మిగతా పెళ్లి ఏదీ గుర్తులేదు.

గమనించండి, నాకు ఐసు దొరికింది వరంగల్ వైపు, క్రీం దొరికింది హనుమకొండ వైపు. స్టేషన్, మిల్లు, మార్కెట్ ఉన్నచోట ఐదు పైసల ఐసు నడిచింది. ఆఫీసులు, కోర్టు, కాలేజీలు ఉన్నచోట గాజు గిన్నెలో ఐస్‌క్రీం నడిచింది. 1959లో ఇంజినీరింగ్ కాలేజీ, అదే ఏడు వైద్య కళాశాల, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చాక ఎక్కడెక్కడి పిల్లలో ఈ ఊరికి చదువుకు వచ్చారు. వాళ్లు సాయంత్రం కూర్చుని మాట్లాడుకోవడానికి చోటు కావాలి. ఫ్యాను, అద్దాల గోడ, ఫ్రూట్ సలాడ్ మీద ఒక ముద్ద వెనిలా, పక్కన ఫలూదా. కొందరు దుకాణదారులు తామే వెనక గదిలో తయారు చేసి, కాగితం కప్పుల్లో పోసి, చిన్న చెక్క చెంచాతో అమ్మేవారు. ఆ చెక్క చెంచా రుచి లేకుండా వెనిలా నాకు వెనిలాలా అనిపించదు.

ఆ రోజుల్లో ఊరికో ఐస్‌క్రీం పేరు ఎందుకు ఉండేదో పిల్లలకు తెలియాలి. ఐస్‌క్రీం తయారీ అప్పట్లో చిన్న పరిశ్రమలకు కేటాయించిన పని. పెద్ద కంపెనీలు కొత్తగా ఫ్యాక్టరీ పెట్టుకోవడానికి వీలు లేదు. 1997లో కేంద్ర ప్రభుత్వం దాన్ని ఆ జాబితా నుంచి తీసేసింది. అప్పటికి ఒక ఏడాది ముందే అమూల్ ఐస్‌క్రీం మార్కెట్లోకి వచ్చింది. ఆ తర్వాత కంపెనీలే ఫ్రీజర్లు తెచ్చి కిరాణా దుకాణాల్లో పెట్టాయి. వెనక గదిలో తయారు చేసుకునేవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. సరుకు శుభ్రంగా, ఒకే రుచితో దొరకడం మంచిదే, కాదనను. కానీ కరీంనగర్‌లో ఒక రుచి, జగిత్యాలలో మరో రుచి, మన చౌరస్తాలో ఇంకో రుచి ఉన్న రోజులు పోవడం నష్టమని గట్టిగా నమ్ముతాను.

చిన్న దుకాణాలను ఎక్కువగా కుంగదీసింది కరెంటు కోత. ఐస్‌క్రీంను సున్నాకు కింద 18 డిగ్రీల దగ్గర నిల్వ చేయాలి. ఎండాకాలం కోతల్లో మూడు నాలుగు గంటలు ఫ్రీజర్ ఆగితే లోపలి పలుకులు కొంత కరుగుతాయి. మళ్లీ కరెంటు వచ్చాక ఆ నీరు మిగిలిన పలుకుల మీదే గడ్డకట్టి వాటిని పెద్దవి చేస్తుంది. నాలుకకు గరుకుగా తగిలేది అదే. ఒకసారి మా అబ్బాయి పుట్టినరోజుకు తెచ్చిన ఐస్‌క్రీం ఇటుక పూర్తిగా ఇసుకలా ఉంది. దుకాణాయన తప్పు లేదు, తిరిగి వెళ్లినప్పుడు ఆయన ఫ్రీజర్ మీద ఏం కప్పి ఉందో చూసి నాకు మాట రాలేదు. రెండు గొంగళ్లు.

ఇక పాలు. మన పల్లెల్లో గేదెలు ఉన్నాయి, గేదె పాలలో ఆరేడు శాతం వెన్న ఉంటుంది, ఆవు పాలకన్నా చాలా ఎక్కువ. అంత మంచి పాలు ఉండి కూడా మనకు నీళ్ల ఐసు ఎందుకు మిగిలింది? పాలు సేకరించి, చల్లబరిచి, చెడకుండా ఊరు దాటించే ఏర్పాటు లేక. పొద్దున పితికిన పాలు మధ్యాహ్నానికి పెరుగో నెయ్యో కావాల్సిందే. ఆ ఏర్పాటును ఆడవాళ్లు తమ చేతుల్లోకి తీసుకున్న చోటు మనకు చాలా దగ్గరలో ఉంది. ముల్కనూరులో 1956లో పుట్టిన సహకార సంఘం గురించి అందరికీ తెలుసు. అదే ఊళ్లో 2002 నుంచి మహిళలే సభ్యులుగా, మహిళలే పాలకవర్గంగా సహకార డెయిరీ నడుస్తోంది. 'స్వకృషి' పేరుతో వాళ్ల పాలు, పెరుగు మన ఇళ్లకు వస్తున్నాయి. పాల డబ్బా పట్టుకుని కేంద్రానికి వచ్చి, వెన్న శాతం రాయించుకుని వెళ్లే ఆ తల్లులను చూసినప్పుడల్లా, క్రీం ఇప్పుడు మన గడపలోకి వచ్చిందని నాకు అనిపిస్తుంది.

వెన్న శాతం అన్నాను కాబట్టి ఒక్క సంగతి. మన ఆహార ప్రమాణాల ప్రకారం ఐస్‌క్రీం అని రాయాలంటే అందులో కనీసం 10 శాతం పాల కొవ్వు ఉండాలి, నీరు పోగా మిగిలే పదార్థం 36 శాతానికి తగ్గకూడదు. లీటరు ఐస్‌క్రీం కనీసం 525 గ్రాములు తూగాలి. లేకపోతే గాలినే అమ్మేస్తారు. పాల కొవ్వు బదులు మొక్కల నూనె వాడితే దాన్ని ఐస్‌క్రీం అనకూడదు, 'ఫ్రోజెన్ డెజర్ట్' అని రాయాలి. రాస్తారు, కానీ చిన్న అక్షరాల్లో. పిల్లలూ, ఇవాళ కప్పు చేతికి రాగానే ముందు మూత మీద ఏం రాసి ఉందో చదవండి, తర్వాత తినండి. రంగు నీళ్ల ఐసులో పాలు ఉన్నాయని మామ ఏనాడూ చెప్పలేదు. నీళ్లను నీళ్లుగానే అమ్మాడు.

మిల్లు 2002లో మూతపడింది. మామ అంతకుముందే సైకిల్ ఆపేశాడు. ఆ ఐసు ఫ్యాక్టరీ ఉన్నచోట ఇప్పుడు వరుసగా దుకాణాలు. ఎనుమాముల మార్కెట్ దగ్గరి శీతల గిడ్డంగుల వైపు వెళ్తే అమ్మోనియా వాసన ఇప్పుడూ తగులుతుంది. ఆ శీతల గిడ్డంగుల్లో ఉండేది మిరపకాయలు. ధర వచ్చేదాకా ఎర్ర బస్తాలు ఆ చలిలో నిద్రపోతుంటాయి. మొన్న ఒక గిడ్డంగి తలుపు తెరిచినప్పుడు అరికాళ్లకు ఆ పాత చలి తగిలింది, కళ్లలో నీళ్లు వచ్చాయి. మిరప ఘాటు వల్లేనని పక్కనున్నాయన అనుకున్నాడు. నేనూ అవునన్నాను.

మీ ఇళ్లలో పాత ఐసు డబ్బాలు, గంటలు, రందా పలకలు, దుకాణాల ముందు దిగిన ఫొటోలు ఉంటే దయచేసి బయటికి తీయండి. ఈ మధ్య మా అత్తయ్య ఇంటి అటక మీద మామ వాడిన పుల్ల ఐసు అచ్చు దొరికింది. ఆరు గుంటల రేకు అచ్చు. వేదిక పక్కన బల్ల మీద పెట్టాను. కప్పులు తీసుకోవడానికి వచ్చినప్పుడు చేతిలోకి తీసుకుని చూడండి, పిల్లలకు కూడా ఇవ్వండి. అడుగున వేలు పెట్టి తడమండి. సన్నటి గుంటలు తగులుతాయి. ఇరవై ఏళ్ల ఉప్పునీళ్లు ఆ రేకును తిన్న చోట్లు అవి.